పటిక వేసిన నీళ్లు

పోయిన ఆదివారం మా ఆడపడుచు కూతురు హైదరాబాదు నుంచి ఫోన్ చేసింది. దాని ఉద్యోగం కంప్యూటర్ల మీద, సరదా మాత్రం పాత కెమెరాల మీద. ఎక్కడో సెకండ్ హ్యాండులో రీలు కెమెరా కొనుక్కుందట, బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము మీద ఫోటోలు తీసిందట, ఇప్పుడు ఆ ఫిల్మును స్నానాలగదిలో తనే కడుక్కుంటుందట. "అత్తయ్యా, డెవలపర్ కలపడానికి ఆర్వో నీళ్లే కావాలా, పంపు నీళ్లు సరిపోతాయా?" అని అడిగింది. కూరలో ఉప్పెంత వెయ్యాలని అడిగినంత తేలిగ్గా అడిగింది. అరవై దాటినదాన్ని, పాతికేళ్లు చీకటి గదిలో మందునీళ్లు కలిపినదాన్ని, అయినా ఎవరైనా నీళ్ల గురించి అడిగితే నాకు ముందు భయం వస్తుంది, జవాబు తర్వాత వస్తుంది. మరిగించి చల్లార్చిన నీళ్లు వాడమని, పటిక మాత్రం తగలనివ్వొద్దని చెప్పాను. పటిక అంటే ఏంటని అడిగిందది. పొయ్యి మీద పాలున్నాయని అబద్ధమాడి ఫోన్ పెట్టేశాను.

మా అత్తవారిది రాజమండ్రికి ఎదురుగా, గోదావరికి ఇవతలి గట్టున చిన్న ఊరు. వీధి వైపు స్టూడియో, వెనక ఇల్లు, రెంటికీ మధ్య కిటికీ లేని కొట్టుగది. ఆ కొట్టుగది ఒకప్పుడు మా అత్తగారి ఆవకాయ జాడీలది. స్టూడియో పెట్టిన కొత్తలో మామగారు జాడీలన్నిటినీ అటకెక్కించి దాన్ని డార్క్ రూమ్ చేసుకున్నారు. ఆ అన్యాయాన్ని అత్తగారు ముప్పై ఏళ్లయినా మర్చిపోలేదు. నేను కాపురానికొచ్చేనాటికి కూడా వాన పట్టినప్పుడల్లా ఆ గోడల్లోంచి ఆవపిండి ఘాటూ, ఫోటోలు కడిగే మందు హైపో వాసనా కలిసి వచ్చేవి. మొదట్లో తలనొప్పి వచ్చేది కానీ, తర్వాత తర్వాత ఆ వాసన లేని ఇంట్లో నాకు నిద్ర పట్టేది కాదు.

మామగారికి నీళ్ల పిచ్చి. పెళ్లిచూపుల్లో అందరూ పిల్లకి పాట వచ్చా, వంట వచ్చా అని అడుగుతారు. ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టి, మీ ఊళ్లో నీళ్లెలా ఉంటాయమ్మా అని అడిగారు. మాది భీమవరం పక్క పల్లెటూరు. బావి నీళ్లు ఉప్పన, చెరువు నీళ్లు బురద, ఇండుప గింజ అరగదీసి బిందెలో కలిపితే పొద్దుటికి తేరుకుంటాయి అని చెప్పాను. బీయెస్సీలో కెమిస్ట్రీ చదివానని అప్పటికే మా నాన్న నాలుగుసార్లు చెప్పారు గానీ, ఆయనకి నచ్చింది ఆ ఇండుప గింజేనని నా నమ్మకం. పెళ్లయిన మూడో నెలలో నా చేత డార్క్ రూమ్ గడప దాటించారు. ఆ తలుపు మీద తెల్ల పెయింటుతో మూడు మాటలు రాసి ఉండేవి: రాగి వద్దు, పటిక వద్దు, మరగని నీళ్లు వద్దు. రాగి తగిలితే డెవలపర్ తొందరగా చచ్చిపోతుంది. పటిక పడితే మందు విరిగిపోతుంది. మరగని నీళ్లలో ఏముందో దేవుడికే తెలుసు. దేవుడి పూజకి పనికొచ్చే రాగి చెంబు ఈయనగారి ఫోటోలకి పనికిరాలేదని అత్తగారు వచ్చిన వాళ్లందరితో చెప్పుకునేవారు. ఆయన వినిపించుకునేవారు కాదు. అన్నిటికన్నా వాననీళ్లంటే ఆయనకి ప్రాణం, వాటిని మరిగించే పని కూడా లేదనేవారు. అదీ వాన మొదలైన అరగంట తర్వాతే పట్టాలి, ముందు ఆకాశం తన మొహం తను కడుక్కోవాలి అనేవారు. ఆరుబయట స్టీలు గుండిగ పెట్టి, పాత పంచె నాలుగు మడతలేసి వడకట్టి, సీసాల్లో పోసి, వాటి మీద తేదీ రాసి పెట్టుకునేవారు.

ఆయన పోయిన మరుసటి ఏడాది శ్రావణంలో వరదొచ్చింది. తొంభైల మొదటి సంవత్సరాలవి. ధవళేశ్వరం దగ్గర రెండో నంబరు హెచ్చరిక ఎగరేశారని రేడియోలో చెప్పారు. కుళాయి తిప్పినా, నూతిలో తోడినా ఇటుకలు కడిగినట్టు ఎర్రనీళ్లు. గ్యాసు బండి రాలేదు, కిరసనాయిలు అడుగంటింది, పిడకలు తడిసి ముద్దయ్యాయి. ఉన్న కాస్త కిరసనాయిలుతో రోజుకి ఒక్కసారి అన్నం, పప్పు. ఎర్రనీళ్లలో కందిపప్పు ఉడకడం లేదని అత్తగారు మామగారి వాననీళ్ల సీసాలు ఒక్కొక్కటే వంటింట్లోకి మోసుకుపోయారు. పప్పు వెన్నలా ఉడికింది. సీసాలన్నీ ఖాళీ అయ్యాకే నేను చూసుకున్నాను.

అప్పుడు పోలీసుస్టేషను నుంచి మా ఆయనకి కబురొచ్చింది. మా ఊరికి దిగువన ముళ్లపొదల్లో ఎవరిదో శవం చిక్కుకుందని, ఎవరో ఏమిటో తెలియదని, ఫోటో తియ్యాలని. మా ఆయన కోడిని కోస్తుంటే మొహం అటు తిప్పుకునే మనిషి. కాదనలేక వెళ్లారు. ఒళ్లంతా ఒకటి, మొహం ఒకటి, రెండే రెండు ఫోటోలు తీశారు. మూడోది తియ్యడానికి చేతులాడలేదట. ఆ వరదలో ఉంచే చోటు లేదని శవాన్ని ఆ సాయంత్రమే అక్కడే పూడ్చేశారు. అంటే ఇక ఆ మనిషికి ఈ భూమ్మీద మిగిలిన ఆనవాలల్లా మా కెమెరాలో ఉన్న ఆ రెండు బొమ్మలే. మా ఆయన వస్తూనే నూతి దగ్గర బట్టలతోనే స్నానం చేసి, కెమెరా అరుగు మీదే వదిలేసి లోపలికొచ్చారు. "నువ్వు కడిగెయ్యి. నేను చూడలేను" అని మాత్రం అని పడుకున్నారు. స్టేషను వాళ్లకి మర్నాడు సాయంత్రానికల్లా ఫోటోలు అందాలి.

పొద్దున్నే స్టూడియో తలుపు తీసేసరికి మెట్ల మీద ఒక మనిషి కూర్చుని ఉంది. నా ఈడే, ముప్పై లోపు. నెత్తి మీద గోనెసంచి మడిచి వేసుకుంది, చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా బురద. నుదుటి మీద మాత్రం కుంకుమ బొట్టు అంత వానలోనూ చెక్కుచెదరలేదు. గోదావరి మధ్య లంకలోంచి వచ్చిందట. అంతకు రెండు రోజుల ముందు ఆవిడ భర్త పక్క లంకలో చిక్కుకున్న గేదెల్ని తోలుకొస్తానని నాటుపడవలో వెళ్లాడు. గేదెలు వాటంతటవే ఈదుకుంటూ ఇంటికొచ్చేశాయి. పడవ రాలేదు, మనిషి రాలేదు. స్టేషనుకి వెళితే, ఒక శవాన్ని పూడ్చేశామని, ఫోటో చూసి చెప్పమని మా దగ్గరికి పంపారు. ఆయన ఫోటో ఇంట్లో ఏదైనా ఉందా అని అడిగాను. లేదంది, ఎప్పుడూ తీయించుకోలేదంది.

"ఎంతసేపు పడుతుందండీ? ఆయన కాదని చూసుకుని వెళ్లిపోతానండి. ఇంటికాడ గేదెలు పాలకి అరుస్తా ఉంటాయి" అంది.

గంటలో అయిపోతుందని చెప్పాను. ఆ గంట అన్న మాటే నా పీకల మీదికి తెచ్చింది. లోపలికొచ్చి చూస్తే కాచిన నీళ్లు చుక్క లేవు, కాయడానికి కిరసనాయిలు లేదు. నూతి చుట్టూ గచ్చు చేసిన పళ్లెం పక్కన మూత పెట్టిన స్టీలు బిందె కనిపించింది. మూత తీస్తే అడుగున ఎర్రటి ఒండు, పైన అద్దంలా తేటనీళ్లు. అత్తగారు రాత్రి ఇండుప గింజ కలిపి ఉంచారనుకున్నాను. మా పుట్టింట్లో తేటనీళ్లంటే ఇండుప గింజే, ఇంకో ఆలోచనే రాలేదు. మరగని నీళ్లు వద్దని తలుపు మీద రాసే ఉంది. దాన్ని తోసుకునే లోపలికెళ్లాను. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను. నా జీవితంలో నేను చేసిన వెధవ పనులన్నిటికీ ముందు ఆ మాట అనుకునే చేశాను.

మామగారి కంసాలి త్రాసులో మందులు తూచి ఒక్కొక్కటే నీళ్లలో వేశాను. సల్ఫైట్ వేసి కలుపుతుంటే తెల్లటి పోగులు లేచాయి. బోరాక్స్ వేసేసరికి నీళ్లు పాలు విరిగినట్టయ్యాయి. చెమ్మకి మందు గడ్డకట్టిందేమోనని దూది పెట్టి వడకట్టాను. వడకట్టాక తేటగానే కనిపించాయి. అసలు ఆ క్షణంలో నాకు నీళ్ల మీద ధ్యాస లేదు. దీపం ఆర్పి, ఆ చిమ్మచీకట్లో కెమెరాలోంచి రీలు తీసి వేళ్లతో తడుముకుంటూ చక్రానికి చుడుతున్నాను. ఎవరో తెలియని చచ్చిపోయిన మనిషి మొహం నా వేళ్ల కింద ఉందన్న తలపు వచ్చింది. వచ్చిందంటే మరి పోలేదు. దేవుడి పేరు ఒక్కటీ గుర్తు రాక, ఎక్కాలు చదువుకుంటూ చుట్టడం పూర్తి చేశాను.

మందులన్నీ అయ్యాక ఫిల్ము బయటికి తీసి వెలుగులో పట్టుకున్నాను. ఫిల్ము దాదాపు ఖాళీ. ఆ రీలు మొదట్లో పెన్షను కాగితాల కోసం ఫోటో తీయించుకున్న రిటైర్డు హెడ్మాస్టరు గారున్నారు. ఆయన మీసాలే పొగలా కనిపిస్తున్నాయి తప్ప ఆయన లేరు. చివరి రెండు బొమ్మల్లో ఏదో మనిషి ఆకారం ఉందన్నట్టు ఉంది, అంతే. దాని మీద తెల్లటి పొడి అంటుకుని ఉంది. పరుగెత్తుకెళ్లి బిందెలో నీళ్లు అరచేతిలో పోసుకుని నాలిక్కి తగిలించాను. నాలుక ముడుచుకుపోయింది. వగరు. పటిక.

అత్తగారిని అడిగాను. ఆవిడ వెంటనే ఒప్పుకున్నారు. ఆ ఎర్రనీళ్లు ఇండుప గింజకి లొంగలేదట, మంగలిని అడిగి పటిక ముక్క తెప్పించారట. తిప్పి తీసేద్దామనుకుని బిందెలోనే మర్చిపోయారట. గుడ్డిగవ్వంత కూడా మిగలకుండా రాత్రంతా కరిగిపోయింది. మామగారున్నంత కాలం పటిక ఆ ఇంటి గుమ్మం తొక్కలేదు. ఆయన పోయిన ఏడాదికి ఆవిడ తన ఇష్టప్రకారం చేసుకున్న మొదటి పని బహుశా అదే. నా చేతిలో ఫిల్ము చూశారు, కొట్టుగది తలుపు మీద రాత చూశారు, నూతి పళ్లెం మీద కూలబడ్డారు. "ఆ పిల్లకి నేనే చెప్తానమ్మా, తప్పు నాదే" అన్నారు. కాదని చెప్పాను. నీళ్లు మరిగించి ఉంటే చూసి ఉండేదాన్ని, కనీసం రుచి చూసి ఉన్నా తెలిసేది. తప్పు నాది.

ఇక్కడొక మాట ఒప్పుకోవాలి. వీధిగదికీ ఇంటికీ మధ్య కర్టెను వెనక నేను చాలాసేపు నిలబడ్డాను. ఫిల్ము పాడైపోయిందమ్మా అని చెబితే సరిపోతుంది. ఆవిడ లేచి వెళ్లిపోతుంది. నన్ను తిట్టదు కూడా, ఆయన కాదనే నమ్మకంతోనే వెళుతుంది. ఆ బొట్టు అలాగే ఉంటుంది. ఎన్నేళ్లు ఉంటుంది? పడవ శబ్దం వినిపించినప్పుడల్లా గుమ్మంలోకి వస్తుందా? నా చేతకానితనానికి ఒక మనిషి బతుకంతా ఎదురుచూస్తుందా? ఫోటో రాలేదని చెప్పడానికీ భయమే, ఫోటో వస్తుందేమోనన్నా భయమే. వెనక్కి తిరిగి కొట్టుగదిలోకి వెళ్లాను.

మామగారి నోటుపుస్తకంలో ఆఖరి పేజీలో పలచబడ్డ ఫిల్ముకి ఒక వైద్యం రాసి ఉంది. నారింజరంగు ఉప్పు ఒకటి, దాన్లో కాస్త యాసిడ్ కలిపి ఫిల్మును ముంచాలి. ఉన్న బొమ్మ కూడా మాయమైపోతుంది. బాగా కడిగి, కొత్త డెవలపర్‌లో వేస్తే అది తిరిగొస్తుంది, అంతకు ముందుకన్నా నల్లగా. నేను ఎప్పుడూ చెయ్యలేదు. తిరిగి రాకపోతే ఆ కాస్త పొగ కూడా మిగలదు. మా ఆయన్ని లేపి చెప్పాను. ఆయన మంచం మీద లేచి కూర్చున్నారు. నీళ్ల సంగతేంటి అని అడిగారు. అప్పుడే వాన అందుకుంది.

గుండిగ తెచ్చి పెరట్లో పెట్టాను గానీ మూత తియ్యలేదు. అరగంట ఆగాలి. ఊరికి నాలుగు పక్కలా నీళ్లు, గట్టు అంచుదాకా నీళ్లు, నేను మూతపెట్టిన గుండిగ పక్కన గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. పక్క సందులోంచి ఆవిడ వచ్చింది. గంట అన్నాను, అప్పటికి రెండు గంటలు దాటింది. ఎందుకండీ ఈ నీళ్లు అని అడిగింది.

"మంచినీళ్లు కావాలమ్మా. లేకపోతే మొహం రాదు."

ఆవిడ గోనెసంచి చూరు కింద పెట్టి, నేను మూత తీశాక పంచె గుడ్డ రెండో కొస పట్టుకుంది. ఆ చేతులకి నీళ్లతో పని తెలుసు. గుడ్డ మధ్యలో బరువు పడకుండా, అంచుల్లోంచి కారకుండా, వడకట్టిన నీటిలో వాన చుక్క తప్ప మరేదీ పడకుండా వొడుపుగా పట్టుకుంది. రెండో గుండిగ కూడా తెచ్చి రెండూ నింపాం. నాకు చెప్పెయ్యాలనిపించింది, నా వల్ల ఒకసారి పాడైందని. గుడ్డ పిండి, గుండిగ ఎత్తుకుని లోపలికెళ్లాను.

ముందు హెడ్మాస్టరు గారి మీద ప్రయోగం చేశాను. ఆయన ఎలాగూ మర్నాడు మళ్లీ వచ్చి కూర్చోగలరు. కత్తిరించి ముంచితే మీసాలు కూడా పోయాయి, కొత్త మందులో వేస్తే మీసాలూ కళ్లజోడూ, చివరికి చొక్కా గుండీలతో సహా మాస్టారు దిగబడ్డారు. అయినా రెండో ముక్క చేతిలోకి తీసుకునేసరికి నాకు ధైర్యం లేదు. మా ఆయన పక్కన నిలబడి గిన్నె పట్టుకున్నారు, మొహం అటు తిప్పుకునే. బొమ్మ పాలిపోయి, పసుపుపచ్చగా తిరిగి, పోయింది. ఖాళీ ఫిల్మును కడుగుతూ ఎన్నిసార్లు నీళ్లు మార్చానో. కొత్త మందులో వేశాక ఏమీ రాలేదు. ఏమీ రాలేదు. తర్వాత నుదురు గట్టిపడింది, ముక్కు, మెడ దగ్గర చొక్కా అంచు. నేను పిలిస్తే వచ్చాడనిపించింది.

ఫిల్ము ఫ్యాను కింద ఆరాక, కరెంటు ఉండగానే రెండు కాపీలు వేశాను. ఎర్రబల్బు కింద, మందునీళ్ల అడుగు నుంచి ఆ మొహం మెల్లగా పైకి తేలింది. ముప్పై అయిదేళ్ల మనిషి, నిద్రపోతున్నట్టే ఉన్నాడు. హైపోలోంచి తీసి, వెనక వసారాలో వాననీళ్లు పోసిన ట్రేలో వేశాను. నీళ్లు మారుస్తూ గంటసేపు కడగాలి. హైపో పూర్తిగా పోకపోతే ఫోటో కొన్నేళ్లకి పచ్చబడి వెలిసిపోతుంది. అది మామగారు తలుపు మీద రాయలేదు గానీ, రాసినంత గట్టిగా చెప్పేవారు.

పిలవడానికి వెళదామని తిరిగేసరికి ఆవిడ నా వెనకే ఉంది. ట్రేలోకి చూసింది. ఏడవలేదు. వంగి, ఫోటో మీద తేలుతున్న నీటిని వేలితో మెల్లగా పక్కకి జరిపింది, మొహం మీది జుట్టు జరిపినట్టు. నేను ఆవిడ మొహం వంక చూడలేక ఆవిడ చేతినే చూస్తున్నాను.

"ఇవి ఇందాక నేను పట్టిన నీళ్లేనా అండీ?" అని అడిగింది.

"అవునమ్మా" అన్నాను. ఆ మాట నిజమే. మొదటిసారి ఏ నీళ్లు పోశానో మాత్రం చెప్పలేదు.

"స్నానం చేయించే రాత లేకపోయింది నాకు. ఇదొక్కటన్నా అయ్యింది" అంది. తడి వేలు కొంగుకి తుడుచుకుంది. "ఇంక తీసెయ్యండమ్మగారూ. మూడు రోజుల బట్టి నీళ్లల్లోనే ఉన్నాడు."

పది నిమిషాలు కూడా కాలేదు. ఇంకా గంట ఉంచాలని చెప్పడానికి నోరు తెరిచాను. అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి నా కేసి చూస్తున్నారు. ఫోటో తీసేశాను. అత్తగారే వచ్చి, పెట్టెలో దాచిన మామగారి పంచె ఒకటి తెచ్చి, ఫోటోను దాంట్లో అద్ది, తడి పీల్చి, అదే పంచెలో చుట్టి ఆవిడ చేతికిచ్చారు. ఆవిడ దాన్ని గోనెసంచి కింద గుండెలకి పెట్టుకుని వానలో వెళ్లిపోయింది. ఆ తర్వాత నేను ఆవిడని మళ్లీ చూడలేదు. స్టేషనుకిచ్చే కాపీని మాత్రం గంటసేపు, గడియారం చూసుకుంటూ, నీళ్లు మార్చి మార్చి కడిగాను.

నిన్న మేనకోడలు మళ్లీ ఫోన్ చేసింది. పటిక గురించి ఇంటర్నెట్లో చదువుకుందట. చివర్లో ప్రింటు ఎంతసేపు కడగాలని అడిగింది. గంట అని చెప్పాను. తొందరపడి ముందే తీసేస్తే ఏమవుతుందంది. వెంటనే ఏమీ కాదని, చాలా ఏళ్ల తర్వాత తెలుస్తుందని చెప్పాను. స్టేషనుకిచ్చిన కాపీ ఏదో బీరువాలో ఇప్పటికీ నల్లగా, నిక్షేపంగా ఉండే ఉంటుంది, చూసేవాళ్లే ఉండరు. ఆవిడ దగ్గరున్నది మాత్రం, నేను పది నిమిషాలకే నీళ్లలోంచి తీసినందుకు, ఇన్నేళ్లుగా ఆవిడతో పాటే ఏటా కొంచెం కొంచెంగా వెలిసిపోతూ ఉంటుంది.